మోచేతి కింద నాలుగు వేళ్లు

ముగ్గురొచ్చి కొలిచిపోయినారు.
మొదటాయన ఈజిప్టు మేస్త్రీ. గోడను వేలితో తట్టి,
కళింగరకాయ బేరమాడేటోని మాదిరి చెవొగ్గి విని
నాలుగువేల దినార్లన్నాడు.
రెండో ఆయన గోడ తట్టనే లేదు,
ఎర్రలైటు చుక్కనొకదాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు విసిరి
ఫోన్లో అంకె చూసుకొని పోయినాడు.
మూడో ఆయన చౌక. మామాకు అందుకే అనుమానం.
(ఈ కువైట్‌లో మామా అంటే మేనమామ కాదు, ఇంటామె.)

నెలరోజులు సల్వా ఇంట్లో అన్నం కంటే రంగులే ఎక్కువ.
సోఫా నిండా బండల ముక్కలు, తలుపుల ముక్కలు,
ఒంటెపాల రంగు, తడిఇసక రంగు,
రెండూ నాకొకటే అనిపించినాయి, చెప్పలేదు.
సొరుగులు వాటంతటవే మెల్లగా మూసుకోవాలంట.
"చప్పుడుండదు బూలా" అనింది మామా
పదకొండేండ్లుగా నేనేసిన తలుపులన్నీ
ఒక్కసారి వినపడినట్టు.
ఓబులమ్మ అనేదానికి ఆమె నోరు తిరగదు.

కాగితం మీద వంటిల్లు బొమ్మ గీసిచ్చినారు.
బొమ్మలో ఒక ఆడమనిషి కూడా ఉంది,
సన్నగా, పొడుగ్గా, చేతిలో ఒకే ఒక్క నిమ్మకాయ.
ముప్పైమందికి మచ్బూస్ వండిన గుండిగ
యాడ దించాల్నో ఆమెకేం తెలుసు.

పాత అలమరాలు పీకిన రోజు ఎనకనుంచి రాలినాయి:
ఎండు నిమ్మకాయలు మూడు,
ఇప్పుడు నాకంటే పొడుగైన చిన్నపాప పాలపీక,
నా మొదటేడాది ఫోనుకార్డు, వెండిపూత సగమే గీకింది.
ఇంకా మూడు నిమిషాలున్నాయేమో దాంట్లో.
జోబులో ఏసుకున్నా.

కరెంటాయన నేపాలీ, పైపులాయన కేరళ,
ఇద్దరికీ నడుమ భాష హిందీ, అదీ సినిమా హిందీ.
వడ్రంగి మాత్రం తెలుగని సుత్తె చెప్పింది.
వేలిమీద పడినప్పుడు ఎవురూ అరబ్బీలో అరవరు.
పేరు లింబాద్రి, కోరుట్ల దగ్గర.
కౌంటరు ఎత్తు తొంభై సెంటీమీటర్లని బొమ్మలో ఉంది.
టేపు లాగినోడు సగంలో ఆపి
స్టవ్వు ముందర బండమీద
నాలుగు మూలలుగా అరిగిన గుర్తు చూసినాడు.

"గిదేందక్కా?"
బోర్లించిన ఖర్జూరాల పెట్టె చూపించినా.
"దీని మీదెక్కి వండుతవా?"
ఇంగేం చేయాల అన్నా.
"చెయ్యి మడువరాదు జర."
మడిచినా.
నేల నుంచి మోచేతి దాకా టేపు పట్టినాడు,
ఒంటికి తగలకుండా, పెద్దింటి రవిక కొలిచే దర్జీ మాదిరి.
మోచేతి కింద నాలుగు వేళ్లు వదిలి
గోడమీద పెన్సిలు గీత పెట్టినాడు.
ఎనభై ఒకటి.
వీసాకు ముందు ఆస్పత్రిలో బరువు చూసినారు,
ఎక్స్‌రే తీసినారు.
ఆ మీదట నన్నెవురూ కొలవలేదు.

మేస్త్రీ ఒప్పుకోలేదు, బొమ్మ బొమ్మే అన్నాడు.
లింబాద్రి అరబ్బీ నాకన్నా అధ్వానం.
చేతులతో చెప్పినాడు: లేచిన భుజాలు, గుంజే నడుము,
పెట్టె జారి ఎనక్కి పడే మనిషి.
అచ్చం నా మాదిరే పడినాడు.
మామా నవ్వింది. నవ్వుతానే పెట్టెను చూసింది,
ఏండ్ల తరబడి రోజూ దాటిపోయిన పెట్టెను.
"స్టవ్వు పక్కన ఒక్క గజం" అనింది.
దానికి ముప్పై దినార్లు ఎక్కువని
నాకు వినపడేటట్టు ఇంకోసారి అనింది.

ఇప్పుడు ఆ గజం మాత్రం మెట్టు దిగినట్టుంటాది.
కొలత తప్పిందా అని అడుగుతారు ఇంటికొచ్చిన ఆడోళ్లు.
కొత్త ఫ్యాషనంటాది మామా.

లింబాద్రి జహ్రాలో ఇంకో ఇంటి పనికి పోయినాడు,
మేకులేసుకోవడానికి పెట్టె అడిగి తీసుకొని.
సొరుగులు నిజంగానే చప్పుడు చెయ్యవు.
పొద్దున్నే ఎర్రగడ్డలు ముందరేసుకొని కత్తి పట్టుకుంటే
నా కుడికాలు ఇంకా లేస్తానే ఉంది
లేని పెట్టె మీదికి,
ఒక రవ్వంత సేపు గాలిలో నిలబడి
మళ్లీ బండమీదికి దిగుతాది.